నోరు మూసుకుని కొట్టేవాడు

మా మాస్టారు నోరు తెరిచినవాళ్ళని కొడతారు. బాక్సింగ్ నేర్పే హాల్లో కొట్టడం వింతేమీ కాదు గానీ, శిక్షగా ఆవిడ కొట్టేది మాత్రం దీనికొక్కదానికే. తాడు ఎగురుతున్నా సరే, సంచిని గుద్దుతున్నా సరే, పెదవుల మధ్య సందు కనబడిందా, వెనకనుంచి వచ్చి డొక్కలో ఒక్కటి పెడతారు. కళ్ళముందు చుక్కలు కనబడతాయి. పైగా ఒక మాట కూడా: "ముక్కు ఎందుకుందనుకున్నావమ్మా? కళ్ళజోడు పెట్టుకోడానికా?"

అవును, ఆడమనిషే. అయినా హాల్లో అందరికీ మాస్టారే. మా ఆయన టైర్ల షాపు పైనుండే మేడలోనే ఆవిడ హాలు. ఒళ్ళు తగ్గించుకుందామని నేనూ చేరాను. మొదట్లో మెట్లెక్కి పైకి వెళ్ళేసరికే నోరు వెళ్ళబెట్టి రొప్పేదాన్ని. ఆ డొక్కలో దెబ్బ నేను తిన్నన్ని సార్లు ఇంకెవరూ తిని ఉండరు.

"ముక్కుతో పీలిస్తే దుమ్ము అక్కడే ఆగిపోతుంది, గాలి వెచ్చబడి తడిసి లోపలికి పోతుంది. నోటితో పీలిస్తే వీధిలో దుమ్మంతా నేరుగా ఊపిరితిత్తుల్లోకే. ముక్కుతో నెమ్మదిగా తీసుకుని నెమ్మదిగా వదులు. గుండె దడ తగ్గుతుంది, తల చల్లబడుతుంది. తల చల్లగా ఉన్నవాడే ఎక్కువసేపు నిలబడతాడు" అని ఆవిడ పాఠం. నిజం చెప్పొద్దూ, కొన్నాళ్ళకే నా గురక తగ్గిపోయింది. పొద్దున్నే నోరు పిడచకట్టుకుపోవడం కూడా పోయింది. మా ఆయనైతే ఇన్నేళ్ళకి కంటినిండా నిద్రపోతున్నానని మాస్టారికి ఎదురెళ్ళి మరీ దణ్ణం పెట్టాడు.

ఇంత మంచి పాఠాన్ని మాస్టారు తన మరిదికి కూడా నేర్పారు. చెల్లెలి మొగుడు. సరుకుల డిపోలో లోడింగ్ మేస్త్రీ. ముక్కుమీద కోపం మనిషికి. కూర చల్లారిందని ఒకసారి, చొక్కా గుండీ ఊడిందని ఒకసారి పెళ్ళాన్ని చావబాదేవాడు. ఆ అరుపులకి వీధి వీధంతా లేచి తలుపులు కొట్టేది. చివరికి ఒకరోజు ఆ పిల్ల ముక్కు ఎముక విరిగింది. తలుపు తగిలిందని చెప్పింది. ఆ తలుపుకి రెండు చేతులున్నాయని అందరికీ తెలుసు.

ఆరోజు మాస్టారు డిపోకి వెళ్ళి, కూలీలందరి ముందూ అతని కాలరు పట్టుకుని, "పోలీస్ స్టేషన్‌కి పోతావా, నా హాలుకి వస్తావా?" అన్నారు. హాలుకి వచ్చాడు. కోపాన్నంతా సంచిమీద దించుకోమని ఆవిడ ఉద్దేశం. ముక్కుతో ఊపిరి తీసుకుంటే మనిషి నెమ్మదిస్తాడని ఆవిడ గట్టి నమ్మకం.

నెమ్మదించాడు కూడా. అదీ విచిత్రం. మొదట్లో సంచిని పట్టుమని పది గుద్దులు గుద్దలేక వగర్చేవాడు కాస్తా, ఏడాది తిరిగేసరికి హాల్లో అందరికన్నా గట్టి ఊపిరి అతనిదే అయింది. మాట తూలదు, గొంతు లేవదు. మెట్లమీద నేనెదురైతే పక్కకి తప్పుకుని దారిచ్చేవాడు. షాపులో టైర్లు దించుతుంటే అడక్కుండానే వచ్చి ఓ చెయ్యి వేసేవాడు. "మరిదిగారు బంగారం" అని మేమంతా అనుకునేవాళ్ళం. కొత్తగా ఎవరైనా చేరితే మాస్టారు అతన్నే చూపించి, "ఊపిరంటే అదీ, చూసి నేర్చుకోండి" అనేవారు.

మొన్న మధ్యాహ్నం హాల్లో మాస్టారూ నేనూ మాత్రమే ఉన్నాం. నేను గుద్దుడు సంచులు తడిగుడ్డతో తుడుస్తున్నాను. మాస్టారు రింగు తాళ్ళు బిగిస్తున్నారు. మెట్లమీద ఎవరో ఆగి ఆగి వస్తున్న చప్పుడు. చెల్లెలు. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి నడుముకి పెట్టి గుమ్మంలో నిలబడింది. నోరు తెరిచే ఉంది. విరిగిన ముక్కులోంచి గాలి ఆడదు పాపం, ఎప్పుడూ నోటితోనే పీలుస్తుంది.

"ఏంటే అలా వంగిపోయావు?" అన్నారు మాస్టారు.

ఆ పిల్ల వెనక్కి తిరిగి జాకెట్టు ఎత్తింది. నా చేతిలో గుడ్డ కింద పడింది. చంక కిందనుంచి నడుం దాకా ఒకే మచ్చ. నలుపు, దానిమీద ఊదా, దానిమీద మళ్ళీ తాజాగా ఎరుపు. అడ్డదిడ్డంగా పడ్డవి కావవి. చోటు చూసుకుని కొట్టినవి. మొహం మీద, చేతులమీద ఒక్క గీత కూడా లేదు.

"ఎప్పట్నుంచి?" మాస్టారి గొంతు నాకు గుర్తుపట్టరాకుండా ఉంది.

"ఆగిందెప్పుడక్కా?"

"మరి మారాడని..."

"మారాడు. ఇదివరకు నాలుగు తగిలించేసరికి ఆయాసం వచ్చేది. కూలబడిపోయేవాడు, మంచినీళ్ళు అడిగేవాడు, ఏడ్చేవాడు. నేను వంటగదిలోకి పోయి గడియ పెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆయాసం రావట్లేదు. ఇదివరకు అరిచేవాడు. అరిస్తే పక్కవాళ్ళు వచ్చి తలుపు కొట్టేవాళ్ళు. ఇప్పుడు నోరు మూసుకుని కొడతాడు. ముక్కుతో పీలుస్తాడు, వదుల్తాడు, కొడతాడు. ఇల్లంతా ఆ ఊపిరి చప్పుడే."

మాస్టారు రింగు అంచుమీద కూర్చుండిపోయారు. ఆవిడ అలా చతికిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"ఎవరికి చెప్పినా ఏముంది? పక్కింటావిడ 'ఈమధ్య మీ ఇంట్లో చప్పుడే లేదు, అదృష్టవంతురాలివి' అంటోంది. మీ బ్యాచ్‌లో పోలీసావిడ ఉంది కదా, ఆవిడ దగ్గరికీ వెళ్ళాను. 'ఆయనా? రోజూ చూస్తాను కదమ్మా, అంత నెమ్మదస్తుడు... ఇంట్లో చిన్న చిన్నవి మామూలే' అని నవ్వి పంపించేసింది. ఒంటిమీద దెబ్బలు చూపిస్తే, మెట్లమీద పడిందని వాడంటాడు. వాడి మాటే నమ్ముతారు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నిన్నట్నుంచి ఒంటికి పోతే రక్తం పడుతోందక్కా. ఇంకొక్కసారి కొడితే నేను లేవను."

నాకు ఒళ్ళు మండిపోయింది. టైర్లు దించిన ఆ చేతులకి నేను టీ ఇచ్చి మరీ మెచ్చుకున్నాను. ఆ గ్లాసు తెచ్చి నేలకేసి కొట్టాలనిపించింది.

"ఇక ఇంటికి పోవద్దు. ఇక్కడే ఉండు" అన్నారు మాస్టారు.

"ఉంటా. వాడొస్తాడు. నవ్వుతూ వస్తాడు. నలుగురూ చేరి నాకే బుద్ధులు చెప్పి వాడి వెంట పంపిస్తారు. చూస్తూ ఉండు."

సాయంత్రం బ్యాచ్ వాళ్ళంతా ఉండగానే వచ్చాడు. అచ్చం ఆ పిల్ల చెప్పినట్టే, నవ్వుతూ. "వదినా, మా ఆవిడ ఇటు వచ్చిందా? పొద్దున మెట్లమీద జారింది, డాక్టరుకి చూపిద్దామంటే వినదు" అన్నాడు. పోలీసావిడ గ్లవ్స్ తొడుక్కుంటూ, "పోనీలెండి, పిలిపించండి మాస్టారూ, పాపం తిరుగుతున్నాడు" అంది. నేను పళ్ళు నూరుకున్నాను. చెల్లెలు బట్టలు మార్చుకునే గదిలో ఉంది. తలుపు కొంచెం తీసి ఉంది.

"ఉంది. ముందు గ్లవ్స్ తొడుక్కో. నీతో ఒక రౌండ్ ఆడి చాలా రోజులైంది" అన్నారు మాస్టారు.

అందరూ ఈలలు వేశారు. మాస్టారు దగ్గరుండి తీర్చిదిద్దిన మనిషి కదా, తమాషా చూద్దామని రింగు చుట్టూ మూగారు. గంట కొట్టే పని నాది.

మొదట్లో మాస్టారిదే పైచేయి. ఎడమచేత్తో రెండు, కుడిచేత్తో ఒకటి, అతని చెంపలు అదిరిపోయేలా తగిలించారు. అతను చలించలేదు. పళ్ళకి తొడుక్కునే మౌత్‌గార్డ్ కొరికిపట్టి, పెదవులు బిగించి, ముక్కుతో సుయ్యిమని తీసుకుని, సుయ్యిమని వదులుతూ ముందుకొచ్చాడు. ఆవిడ వయసు యాభైకి దగ్గరపడింది. అతను బస్తాలు మోసిన మనిషి. తాళ్ళమీదకి నెట్టి డొక్కలో ఒక్కటిచ్చాడు. మళ్ళీ అక్కడే. మళ్ళీ అక్కడే.

"భలే మరిదిగారూ!" అని వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

అతను కొడుతున్న చోటేదో గుర్తుపట్టింది చుట్టూ మూగినవాళ్ళలో నేనొక్కదాన్నే. చంక కింద, నడుం పైన. మధ్యాహ్నం జాకెట్టు ఎత్తితే కనబడ్డ మచ్చ ఎక్కడుందో సరిగ్గా అక్కడ. చెయ్యికి అలవాటైపోయింది మరి. అతని కళ్ళలో కోపం లేదు. గోడకి మేకు కొట్టేవాడు మేకుని చూసినట్టు చూస్తున్నాడు.

గంట కొట్టాను. అతను ఆగలేదు. ఇంకొకటి కొట్టాడు. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. మాస్టారి పక్కటెముక. ఆవిడ మోకాలిమీద కూలి, నేలకి చెయ్యి ఆనించి, నోరు తెరిచి గాలికోసం కొట్టుకున్నారు. ఆవిడ నోటితో ఊపిరి పీల్చడం నేను చూసింది అదే మొదలు. ఆ స్థితిలో ఉన్నావిడ మీదకి వంగి అతను మళ్ళీ చెయ్యెత్తాడు. మూసిన పెదవులు పక్కలకి సాగాయి. నవ్వుతున్నాడు.

మాస్టారు లేస్తూనే రెండు చేతులతో అతని మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుని, తలతో ముక్కుమీద కుమ్మారు. టెంకాయ పగిలినట్టు వినబడింది. అతను వెనక్కి తగ్గకముందే మళ్ళీ లాగి అదే ముక్కుమీద ఇంకోసారి కుమ్మారు.

"మాస్టారూ!" అని హాలంతా కేక. తలతో కొట్టడం ఎంత పెద్ద తప్పో మాకు నేర్పింది ఆవిడే. బాక్సింగ్ ఫెడరేషన్ వాళ్ళకి తెలిస్తే నేర్పే లైసెన్సు ఊడబెరుకుతారు. పోలీసావిడైతే "ఇదేం అన్యాయం!" అంటూ తాళ్ళు పట్టుకుని పైకి ఎక్కబోయింది.

అతని ముక్కు చెంపమీదకి ఒరిగిపోయింది. రక్తం గడ్డం మీదుగా చొక్కాలోకి కారుతోంది. ముక్కుతో పీల్చబోయాడు. గాలి బదులు రక్తం లోపలికి పోయి పొలమారింది. తుపుక్కున మౌత్‌గార్డ్ ఉమ్మేసి నోరు తెరిచాడు. ఏడాదిగా మూసి పెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"చంపేస్తానే! నిన్నూ చంపేస్తా, దాన్నీ చంపేస్తా! ముందు దాన్ని బయటికి పంపు! నా దెబ్బ ఎలా ఉంటుందో దాన్నడుగు, రోజూ తింటోందిగా! మొహాన ఒక్క గాటు పడకుండా కొడతా, ఏ స్టేషనుకి పోయి ఏం చూపిస్తుందో చూస్తా!"

తాళ్ళెక్కబోయిన పోలీసావిడ సగంలో ఆగిపోయింది. ఒక కాలు పైన, ఒక కాలు కిందన.

అతను రొప్పుతూ, చేతులు విసురుతూ మాస్టారి మీదకొచ్చాడు. దెబ్బలన్నీ గాలికి పోతున్నాయి. నాలుగడుగులకే కాళ్ళు తేలిపోయాయి. దవడ వేలాడుతోంది. పళ్ళు బిగించి ఉన్న దవడ ఎంత దెబ్బనైనా కాస్తుంది గానీ, వేలాడే దవడకి చిన్నదెబ్బ చాలు, చెవి దగ్గర ఎముక విరుగుతుంది, వారాల తరబడి నోరు తెరవకుండా పళ్ళని తీగతో కట్టాల్సిందే. అది మాస్టారికి చెప్పనక్కర్లేదు. విరిగిన పక్కటెముకని ఎడమచేత్తో అదుముకుని ఆవిడ కుడిచెయ్యి వెనక్కి లాగారు. విరగాలనే నేనూ కోరుకున్నాను. ఎందుకు దాచాలి?

"అక్కా, వద్దు!"

చెల్లెలు గదిలోంచి వచ్చింది. గోడ పట్టుకోకుండా నడిచి వచ్చింది. రింగు దగ్గరికొచ్చి తాడు పట్టుకుంది.

"వాడి దవడ ముట్టుకోకు. విరిగితే మళ్ళీ నోరు మూతపడుతుంది. మాట్లాడనీ."

మాస్టారి చెయ్యి గాల్లోనే ఆగింది.

అప్పటికి అతనికి చుట్టూ ఎవరున్నారో తెలిసింది. మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఎవరూ ఈలలు వెయ్యట్లేదు. పోలీసావిడ రింగులోకి దిగి, గ్లవ్స్ విప్పి పారేసి, అతను బయటికి పోయే దారికి అడ్డంగా నిలబడింది. సిగ్గుతో ఆవిడ మొహం కందిపోయి ఉంది. చెల్లెలి వైపు చూడలేక అతని వైపే చూస్తోంది.

అతను గబుక్కున పెదవులు మూశాడు. మెడనరాలు ఉబ్బాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కులోంచి రక్తం బుడగలు వచ్చాయి గానీ గాలి రాలేదు. ఎంతసేపని ఓర్చుకుంటాడు? నోరు తెరుచుకుంది. మళ్ళీ మూశాడు, మళ్ళీ తెరుచుకుంది.

"చెప్పు" అంది చెల్లెలు. "ఎక్కడెక్కడ కొట్టావో అది కూడా చెప్పు. నేను చెప్తే వీళ్ళు నమ్మలేదు."