అత్తగారి మూడో గెంతు

మా అత్తగారు ఈసారి కూడా అదే సందులో పడిపోయారు.

తెర మీద పడిపోయారని నా ఉద్దేశం. మనిషి మాత్రం మా ఆఫీసు డెమో గదిలో, ఒళ్లో కంట్రోలర్ పెట్టుకుని, కుర్చీలో నిటారుగానే కూర్చుని ఉన్నారు. ఆమె తయారు చేసిన గేములో, ఆమె గీసిన ఇళ్ల మధ్య ఆమే పడిపోతుంటే ఎవరు మాత్రం ఏమంటారు?

ఆ గేము పేరు 'ఎగిరిన దుప్పటి'. తాడు మీద ఆరేసిన దుప్పటి గాలికి ఎగిరిపోతుంది. ఓ పిల్ల దాని వెనకాల ఇళ్ల కప్పుల మీద పరిగెడుతుంది. రెండు ఇళ్ల మధ్య సందు వచ్చినప్పుడల్లా బటన్ నొక్కి పిల్లని దూకించాలి. అంతే ఆట. నేను గౌన్లు తొడుక్కునే రోజుల్లో వచ్చింది. ఇప్పటికీ లోకంలో గొప్ప గేములంటూ ఎవరు లెక్క తీసినా అందులో ఇది ఉండి తీరుతుంది. రంగులు గొప్పవని ఒకరు, సంగీతం గొప్పదని ఒకరు, ఆ దుప్పటి చేజారిన బాల్యానికి గుర్తని ఇంకొకరు పేజీలకు పేజీలు రాశారు. అవి చదివి వినిపిస్తే మా అత్తగారు, "దుప్పటి దుప్పటేనమ్మా. అప్పటి తెర మీద ఇంకేం గీయాలన్నా బోలెడు చుక్కలు కావాలి. దుప్పటైతే నాలుగు చుక్కలతో అయిపోయింది" అని నవ్వేవారు.

దాన్ని కొత్త మెషీన్ల కోసం మళ్లీ తయారు చేసే పని మా కంపెనీకి వచ్చింది. ఆ టీముకి పెద్దని నేనే. అత్తగారి గేముకి కోడలు మెరుగులు దిద్దుతోందని ఆఫీసంతా ఒకటే వేళాకోళం. వంటింట్లో ఏ గరిటె ఎక్కడుండాలో ఒక మాట మీదికి రాలేని మీరిద్దరూ ఇళ్ల కప్పుల సంగతేం తేలుస్తారని మా ఆయన కూడా ఓ రాయి వేశాడు. ఆమె స్వయంగా ఆడి చూసి సరేనంటేనే గేము బయటికి వెళ్తుందని ఒప్పందం. అందుకే ఆ రోజు ఆమెను ఆఫీసుకి తీసుకొచ్చాను.

గేము బాగా వచ్చిందా లేదా అన్న బెంగ ఎలాగూ ఉంది. అంతకంటే పెద్ద బెంగ ఆమె చేతులు.

కొన్ని నెలలుగా చూస్తున్నాను. సాసర్లో కప్పు గలగలలాడుతోందని ఆమె సాసరు వాడటం మానేశారు. బొత్తాలున్న స్వెట్టరు బీరువాలో పెట్టేసి, తల మీంచి తొడుక్కునేది కొనిపించుకున్నారు. కూరలు తరిగే పని నాకు వదిలేశారు. అదీ "నువ్వైతే సన్నగా తరుగుతావు" అన్న మెప్పుతో. పెళ్లయి ఇన్నేళ్లలో నా తరుగుడుని ఆమె మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు విని నా గుండె జారిపోయింది. వాళ్లక్కయ్యకి చేతుల వణుకు ఇలాగే మొదలైంది. చివరికి చెంచాతో తినిపించాల్సి వచ్చింది. డాక్టరు మాట ఎత్తితే చాలు, "నా చేతుల సంగతి నాకు తెలుసు" అని ఈవిడ లేచి వెళ్లిపోతారు. మా ఆయన్ని అడిగితే టీవీ వైపు నుంచి తల తిప్పకుండా "వయసు కదా" అంటాడు. ఆ రోజు కారులో వస్తున్నంతసేపూ ఆమె కుడిచెయ్యి హ్యాండ్‌బ్యాగు కిందే ఉంది. నేను చూడనట్టు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

పిల్ల మళ్లీ సందులో పడింది. మేనేజరు గొంతు సవరించుకుని, "కొత్త కంట్రోలర్ కదండీ, అలవాటు లేక..." అన్నాడు.

"కంట్రోలర్ బానే ఉందండీ. ఇంటికప్పే నన్ను తొందరగా వదిలేస్తోంది," అన్నారు అత్తగారు.

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. మేనేజరు నా వైపు జాలిగా ఒక చూపు చూశాడు. ఆ జాలికి నాకు ఒళ్లు మండింది. టీ తాగి వద్దామని అందర్నీ లేపి, నేను ప్రోగ్రామర్ బల్ల దగ్గరికి పరిగెత్తాను.

ఆ అమ్మాయిని మేమందరం సూదికన్ను అంటాం. ఎంత చిన్న తప్పయినా ఆమె కంట పడకుండా పోదు.

"దూకే చోట ఏమన్నా మార్చావా?"

"మార్చలేదు మేడమ్, సరిచేశాను. పాత దాంట్లో ఒక బగ్ ఉంది. పిల్ల కాలు కప్పు అంచు దాటేశాక కూడా ఓ రెప్పపాటు బటన్ పనిచేస్తోంది. అంటే గాల్లో నిలబడి దూకుతోందన్నమాట! ఇన్నేళ్లు ఎవరూ పట్టుకోలేదంటే విచిత్రంగా ఉంది."

సూదికన్నుకి నాలుగు తగిలించాలనీ, దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకోవాలనీ ఒకేసారి అనిపించింది. తప్పు గేముది! అత్తగారి చేతులు బానే ఉన్నాయి! పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు.

"అది ముందు ఎలా ఉందో అలా పెట్టెయ్. ఇప్పుడే."

"బగ్‌ని మళ్లీ పెట్టమంటారా?" కడిగిన గిన్నెలో మట్టి పొయ్యమన్నట్టు చూసింది.

"పెట్టు తల్లీ, పెట్టు."

పెట్టింది. ఆడి చూశాను. అప్పటిదాకా నేనూ ఎన్నోసార్లు ఆ సందుల్లో పడి, నాకే చేతకావడం లేదనుకుని ఊరుకున్నాను. టీములో ప్రతివాళ్లూ అలాగే అనుకుని, పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారట. ఇప్పుడు వేలు కాస్త వెనకబడినా పిల్ల అవతలి కప్పు మీద వాలుతోంది. చిన్నప్పుడు అన్నం కూడా మరిచిపోయి ఆడినప్పటి హుషారు ఒక్కసారిగా తిరిగొచ్చింది. రంగులూ సంగీతమూ నెలల నుంచీ ఉన్నవే. రానిది ఇదొక్కటే.

అందరూ మళ్లీ గదిలోకి చేరారు. "అత్తయ్యా, మావాళ్ల పొరపాటే. సరిచేశాం. ఇప్పుడు చూడండి," అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినపడింది.

మొదటి సందు దాటారు. రెండోదీ దాటారు. మూడో సందులో పడ్డారు. మళ్లీ ఆడారు. మళ్లీ అక్కడే.

ఇంకోసారి మొదలుపెట్టినప్పుడు నేను తెర వైపు చూడలేదు. ఆమె కుడి బొటనవేలి వైపు చూశాను. పిల్ల అంచుకి వచ్చింది. ఆమె కళ్లు ఆ సంగతి చూశాయి. నడుము కూడా కాస్త ముందుకి వంగింది. వేలు మాత్రం కదల్లేదు. అది కదిలేసరికి పిల్ల సందులో ఉంది. పడిపోయాక కూడా ఆ వేలు బటన్ మీద సన్నగా కొట్టుకుంటూనే ఉంది.

గేములో ఇప్పుడు ఏ తప్పూ లేదు.

మేనేజరు వాచీ చూసుకున్నాడు. ఎవరో దగ్గారు. అత్తగారి మెడ మీద చెమట పట్టింది. ఎంత కోపంలోనూ, ఎంత దుఃఖంలోనూ ఆ మెడ వంగగా నేను చూడలేదు. ఇప్పుడు వంగింది. ఇక చూడలేకపోయాను.

"ఆగండాగండి, ఎక్కడో ఇరుక్కుంది. ఒకసారి ఆపి మొదలుపెడతాను," అని అబద్ధమాడి కంప్యూటరు దగ్గరికి వెళ్లాను. ఆ రెప్పపాటుని సాగదీశాను. ఎంత సాగదీస్తే బాగుంటుందని ఆలోచించలేదు. ఆమె పడకపోతే చాలు. పక్కనే ఉన్న సూదికన్ను అంతా చూసింది, ఏదో అనబోయింది, నా మొహం చూసి నోరు మూసుకుంది.

ఈసారి పిల్ల మూడో సందు దాటింది. ఆ తర్వాతవీ దాటింది. చివరి ఇంటి మీద దుప్పటి కొస అందుకుంది. గదంతా చప్పట్లు. మేనేజరు కళ్లు తుడుచుకున్నాడు. అత్తగారు అందరి వైపూ తిరిగి నవ్వి, "బావుంది. బయటికి పంపించుకోండి," అన్నారు.

ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. నేను కంట్రోలర్ అందుకోబోతే ఆమె ఇవ్వలేదు.

"తలుపెయ్యి."

వేశాను.

"అంచు దాటాక దూకుతోందని కనిపెట్టిందెవరు?"

"మా ప్రోగ్రామర్."

"తెలివైన పిల్లే. కానీ అది బగ్ కాదు. ఆ రోజుల్లో గేము ఆడి చూడ్డానికి ఎవరొచ్చినా ఒకటే గొడవ. 'నేను టైముకే నొక్కాను, మీ మెషీనే పట్టించుకోలేదు' అని. అబద్ధం కాదమ్మాయ్, వాళ్లకి నిజంగా అలాగే అనిపించేది. కన్ను చూశాక గానీ వేలు కదలదు. ఎవరికైనా అంతే. సరే, ఆ కాస్త ఆలస్యం నేనే భరిద్దామనుకున్నా. కాలు దాటాక కూడా కాసేపు కప్పు అక్కడే ఉన్నట్టు లెక్క. అవతలి కప్పు మీద వాలినవాడు 'నేనే దూకాను' అనుకుంటాడు. ఆ సంతోషానికే మళ్లీ మళ్లీ ఆడారు. సంగీతమట, బాల్యమట!"

"ఇంతమంది అడిగారు కదా, ఎవరికీ చెప్పలేదేం అత్తయ్యా?"

"చెప్తే ఇంకేముంది? ఇచ్చినట్టు తెలియకుండా ఇస్తేనే అది పనిచేస్తుంది. తెలిసిపోయిందా, ఇక దూకింది నువ్వు కాదు." కంట్రోలర్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఆఖరిసారి నాకెంత ఇచ్చావ్?"

నేను కంప్యూటరు వైపు చూశాను.

"రెట్టింపా?"

"ఇంకా ఎక్కువే అత్తయ్యా."

"అనుకున్నా. మూడో సందు దగ్గరే తెలిసింది. నేను పెట్టిన కొలత నాకు తెలీదా?"

అంటే అన్నీ తెలిసే అంతమందికీ నవ్వి చూపించారు. నాకు ఏడుపు ఆగలేదు. "వాళ్లందరి ముందూ మీరలా పడుతుంటే చూడలేకపోయాను," అన్నాను.

"ఏడుపెందుకు? నీ చోట నేనున్నా అదే చేద్దును. జనానికి మాత్రం నేనిచ్చినంతే ఉంచు, మరీ ఎక్కువైతే పసిగట్టేస్తారు. ఇప్పుడు నాక్కూడా అంతే పెట్టు. ఒక్కసారి ఆడతా."

వద్దన్నాను. ఆమె వినలేదు. చివరికి మార్చి ఇచ్చాను.

మొదటి సందు దాటారు. రెండోది దాటారు. మూడోదాంట్లో పిల్ల పడిపోయింది. ఆమె ఇక మళ్లీ మొదలుపెట్టలేదు. కంట్రోలర్ బల్ల మీద పెట్టి, కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నారు.

"గేము సరిగ్గా ఉందమ్మాయ్. ఆలస్యం నాదే."

ఆమె నోట ఆ ఒక్క మాట రావాలనే ఇన్ని నెలలూ పోట్లాడాను. తీరా విన్నాక, వినకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"డాక్టరుకి ఫోన్ చెయ్యి. రేపే వెళ్దాం. నువ్వొక్కదానివే రా. మావాణ్ణి తీసుకెళ్తే నాకంటే ముందు వాడే ఏడుస్తాడు, వాణ్ణి ఊరుకోబెట్టడం ఇంకో పని."

ఫోన్ తీశాను. కళ్లనిండా నీళ్లు, అంకెలు అలుక్కుపోయాయి. ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కాను. చెరిపి మళ్లీ తప్పే నొక్కాను. అత్తగారు నా పక్కన నిలబడి, ఫోన్ లాక్కోకుండా, తొందరపెట్టకుండా, నేను సరిగ్గా నొక్కేదాకా చూస్తూ ఉన్నారు.