ఏటిగట్టున ఊరికే కూర్చున్నవాడు

సెలవురోజు మధ్యాహ్నం, వీధంతా కునికిపాట్లు పడే వేళకి, అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి ఒక ఊరిని నిద్రలేపేవారు. అక్క ఉండేది నగరానికి ఆ చివర, తమ్ముడు ఈ చివర. ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళు కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో మాట్లాడుకునేవారు. తెర మీద మంచు మెల్లగా విడిపోయేది. దాని వెనక నాలుగు గుడిసెలు, ఒక ఏరు, గంపలు పట్టుకున్న బుల్లిబుల్లి మనుషులు కనిపించేవారు. అది ఏ కాలపు రాజ్యమో, ఏ రాజు ఏలినదో వాళ్ళకి పట్టేది కాదు. చరిత్ర పుస్తకంలో తరాలు పట్టిన పని ఆ తెర మీద టీ చల్లారేలోపు అయిపోయేది.

ఆ ఆటలో ఒకే రాజ్యాన్ని ఇద్దరు కలిసి ఏలే వీలుంది. పంపకాలు చిన్నప్పుడే జరిగిపోయాయి. పొలాలు, అడవి, గనులు, గొర్రెలు అక్కవి. సైన్యం తమ్ముడిది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలిచే పని అక్క చూసుకునేది, రచ్చకి మాత్రం ఈయనగారు గుర్రమెక్కి వెళ్ళేవాడు. గెలిచిన పేరు కూడా ఈయనగారిదే.

"అక్కా, తిండి చాలట్లేదు!"

"పండాలి కదరా సేనాపతీ! నీ గుర్రాలు మేసినంత వేగంగా నా చేలు పండవు."

ఆ మాట పూర్తయ్యేలోపే తిండి వచ్చేది. ఎలా వచ్చేదో తమ్ముడు ఎన్నడూ చూడలేదు. కొళాయి తిప్పితే నీళ్ళు వచ్చినట్టు వచ్చేది, అంతే. అమ్మ ఆసుపత్రి డ్యూటీల్లో ఉండగా అతని పెంపకమంతా అక్క చేతుల మీదే సాగింది. ఆ రోజుల్లో వేళకి అన్నం పెట్టేది, చొక్కా ఉతికేది, అవన్నీ ఎలా చేసేదో అప్పుడూ అతను చూడలేదు.

నిజానికి ఆ ఆటలో మనుషులకి సొంత తెలివి ఉండదు. ఒక్కొక్కణ్ణి పట్టుకుని పని చెప్పాలి. కొడుతున్న చెట్టు అయిపోతే గొడ్డలివాడు ఉన్నచోటే నిలబడిపోతాడు, ఇంకో చెట్టు చూపించేదాకా కదలడు. చేను కోసిన రైతుకి మళ్ళీ విత్తమని చెప్పాలి. ఇలా పదిమందిని పదివైపులకి పంపుతూ, మొదటివాడి దగ్గరికి తిరిగొచ్చేసరికి వాడు మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. అందుకే ఊరికే ఉన్నవాణ్ణి వెతికిపెట్టడానికి ఆటవాళ్ళు ప్రత్యేకంగా ఒక మీట పెట్టారు. అది నొక్కితే, పని లేనివాడు ఏ మూలనున్నా తెర అక్కడికి పరుగెడుతుంది.

అక్క మాత్రం ప్రతి ఆటలోనూ ఒక మనిషిని తీసుకెళ్ళి ఏటిగట్టున కూర్చోబెట్టేది. వాడికి ఏ పనీ చెప్పేది కాదు.

"వాడెవడక్కా పనీపాటా లేకుండా? వాడొక్కడు కట్టెలు కొట్టినా నాకు ఇంకో గుర్రం వస్తుంది."

"ఉండనీరా. ఊళ్ళో ఒక్కడైనా ఊరికే కూర్చోకపోతే అది ఊరు కాదు, కార్ఖానా."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం అక్క. తమ్ముడు వాదించి వాదించి ఊరుకున్నాడు. ఏళ్ళు గడిచి, రాజ్యాలు లేచి పడుతుంటే, ఆ మనిషి నీళ్ళవైపు చూస్తూ అలాగే ఉండేవాడు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక, ఒకరోజు కోత కోయాల్సిన రైతు కొడవలితో సహా అడవిలోకి నడిచాడు. అక్క పొరపాటున నొక్కిందనుకున్నాడు తమ్ముడు. మరుసటి వారం గొర్రెలకాపరి గనిలోకి దిగాడు. ఆ ఆటలో ఒకరి మౌస్ బాణం గుర్తు ఇంకొకరికి కనిపిస్తుంది. అక్క బాణం పొలం మీద ఆగినప్పుడు సన్నగా అదురుతోంది. వేరేవాళ్ళకైతే కనిపించేది కాదేమో. తమ్ముడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. వెంట్రుకవాసి తేడాని వెలుగుకి ఎత్తి పట్టుకుని చూడటమే అతని బతుకు.

అక్క బతుకేమో కత్తెర. బట్టలు కుట్టే పెద్ద కార్ఖానాలో గుడ్డ కత్తిరించే బల్ల ఆమెది. పొరలు పొరలుగా పరిచిన గుడ్డ మీద ఆమె గీత గీస్తే దానికి తిరుగు లేదని అక్కడ పేరు.

"చెయ్యి నొప్పిగా ఉందా అక్కా?" అని ఒకసారి అడిగాడు.

"మౌస్ పాతబడిందిరా," అంది అక్క.

కొత్త మౌస్ కొనిచ్చాడు. బాణం అదురు మాత్రం తగ్గలేదు. అప్పుడతనికి భయం వేసింది. ఆ భయాన్ని నోటితో చెప్పే ధైర్యం లేక, వేరే ఆట వెతకడం మొదలుపెట్టాడు. అక్క చేతికి తక్కువ పని పెట్టే ఆట కావాలి. ఆ మాట ఆమెకి తెలియకూడదు. సాయంత్రం ఇంటికి రాగానే పాత చారిత్రక ఆటలన్నీ ముందేసుకుని, దేంట్లో చేను ఎలా పండుతుందో, కట్టె ఎవరు మోస్తారో, ఎన్నిసార్లు నొక్కాలో పోల్చి చూసేవాడు.

"ఆటలు ఆడటం పోయి, ఆటలకి సంబంధాలు చూడటం మొదలుపెట్టారా?" అని నవ్వింది భార్య. సంబంధాల సంగతి ఆమె సరిగ్గానే పట్టుకుంది. ఒకదానికి రూపముంటే గుణం లేదు, గుణముంటే రెండో మనిషికి చోటు లేదు.

మొదట దారుల ఆట తెచ్చాడు. అందులో మనుషులకి ఏమీ చెప్పక్కర్లేదు. మనం దారులు వేస్తే చాలు. కట్టె కొట్టేవాడు కట్టె గుమ్మంలో పెడతాడు, ఒక కూలీ దాన్ని మలుపుదాకా మోస్తాడు, అక్కణ్ణుంచి ఇంకొకడు అందుకుంటాడు. రంపపుమిల్లు తిరుగుతుంది, పిండిమర తిరుగుతుంది, రొట్టెలు దారి వెంట చేతులు మారుతూ గనిదాకా పోతాయి. చూస్తూ కూర్చుంటే కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. తమ్ముడికి తెగ నచ్చేసింది.

"ఇది అత్తారిల్లులా ఉందిరా," అంది అక్క. "నేను చెప్పేది ఎవడూ వినడు, నేను లేకపోయినా అంతా జరిగిపోతుంది. మరి నేనెందుకు?"

తర్వాత కాలాన్ని ఆపే ఆట తెచ్చాడు. అందులో ఒక మీట నొక్కితే ఎగిరే పక్షి ఎగిరినచోటే ఆగిపోతుంది. నింపాదిగా అందరికీ పనులు చెప్పుకుని, మళ్ళీ కాలాన్ని కదిలించుకోవచ్చు. అక్క కాసేపు ఆడింది. ఆగిపోయిన ఏటి మీద వెండిరేకుల్లా నిలబడిపోయిన అలల్ని చూసి, "ఫోటోలా ఉంది, ఊరులా లేదు," అంది. "పాత ఊరికే పోదాం పద. అక్కడైతే నేను మరిచిపోతే వాడు పస్తుంటాడు. ఆ బెంగ ఉంటేనే నాకు ఆట."

సరేనని పాత ఊరికే వచ్చారు. అప్పుడు తమ్ముడు ఒక పని చేశాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, అక్క చూడనప్పుడు అక్క పనులు చక్కబెట్టడం మొదలుపెట్టాడు. రాజ్యం ఒకటే కాబట్టి ఎవరు ఎవరికి పని చెప్పినా చెల్లుతుంది. దారితప్పిన రైతుని వెనక్కి తిప్పేవాడు. నిలబడిపోయిన గొడ్డలివాడికి చెట్టు చూపించేవాడు. అప్పుడుగానీ అతనికి అర్థం కాలేదు, ఒక్క రొట్టె సైనికుడి చేతికి చేరేలోపు అక్క ఎన్ని చోట్లకి పరుగెత్తేదో. తన గుర్రాలు చూసుకునేవాడు లేక అడ్డదిడ్డంగా తిరిగి చచ్చేవి. చేలు మాత్రం పచ్చగా ఉండేవి.

"ఈమధ్య నా చెయ్యి మళ్ళీ దారిలో పడిందిరా," అంది అక్క ఒకరోజు. గొంతులో ఎండ కాసింది. తమ్ముడి గుండె పొంగిపోయింది. మంచిపనే చేస్తున్నాననుకున్నాడు.

ఆ వారం పొగమంచు లేదు. తెర మీది ఊరు తేటగా ఉంది. తమ్ముడు అలవాటు కొద్దీ ఖాళీ మనుషుల్ని వెతికే మీట నొక్కాడు, కనిపించినవాణ్ణి కట్టెలకి పంపాడు, ముందుకి పోయాడు. మళ్ళీ నొక్కాడు, ఇంకొకణ్ణి పంపాడు. ఎవరు ఎక్కడివాళ్ళో చూసుకోలేదు.

కాసేపటికి అక్క అంది. "ఏటిగట్టు ఖాళీగా ఉందేంరా?"

తమ్ముడు చూశాడు. ఇన్నేళ్ళూ నీళ్ళవైపు చూస్తూ గడిపిన మనిషి, అడవి అంచున గొడ్డలి ఎత్తి దించుతున్నాడు.

"నేనేం ముట్టుకోలేదు అక్కా," అన్నాడు తమ్ముడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకముందే అనేశాడు.

అక్క బాణం అడవి అంచు నుంచి చేల మీదికి వెళ్ళి ఆగింది.

"చేలు కూడా నువ్వేనా?"

"సాయం చేద్దామని..."

"నేనడిగానా?"

అక్క ఫోన్ పెట్టేసింది. ఆమె బాణం తెర మీంచి మాయమైంది. తమ్ముడు కదలకుండా కూర్చున్నాడు. చెట్లు అయిపోయినవాళ్ళు చెట్ల దగ్గర, కోత అయిపోయినవాళ్ళు చేలల్లో, ఒక్కొక్కరే ఆగిపోయారు. చివరికి ఊరంతా ఉన్నచోట ఉన్నట్టే నిలబడి, ఎవరో వచ్చి ఏదో చెబుతారని ఎదురుచూసింది.

తర్వాతి సెలవుకి అక్క రాలేదు. ఫోన్ ఎత్తలేదు. దుకాణంలో అద్దం అరగదీస్తుంటే, తడి గాజులో అతనికి ఆ ఊరే కనిపించేది. పొడి తుడిస్తే పోయేది, చక్రం తిరగ్గానే మళ్ళీ వచ్చేది. నిద్రలో అతనే చేనుగట్టున నిలబడి ఉండేవాడు. చేతిలో గంప ఉండేది. ఎటు వెళ్ళాలో చెప్పేవాళ్ళు ఉండేవారు కాదు. అక్క లేకపోతే తనకి ఆట పోతుందని కాదు అతని దిగులు. ఆ మధ్యాహ్నాలు తప్ప వాళ్ళిద్దరికీ మాట్లాడుకునే చోటు ఇంకొకటి లేదు. దాన్ని తన చేతులతో తనే మూసేశాడు.

ఉండబట్టలేక, ఒకరోజు భోజనాల వేళకి ఆమె కార్ఖానాకి వెళ్ళాడు. కిటికీల్లోంచి పడే ఎండలో నూలు ధూళి తేలుతోంది. కత్తిరించే బల్ల దగ్గర ఎవరో కొత్త మనిషి ఉంది. అక్క వెనకవైపు, కుట్టిన చొక్కాలు మడతపెట్టే చోట, ఒంటరిగా కూర్చుని ఉంది.

"బల్ల నేనే వదిలేశా," అంది, అతను అడక్కముందే. "మొన్న గీత తప్పింది. బోలెడు గుడ్డ పాడైంది. ఎవరూ ఏమీ అనలేదనుకో."

తమ్ముడు పక్కన కూర్చున్నాడు. "నేను ఎప్పుడో చూశానక్కా. నోరు రాలేదు."

"నేనూ చూశానురా. నాకూ నోరు రాలేదు. అక్కడిదాకా ఇద్దరం సమానమే." ఒక చొక్కా చేతిని మడిచి, సరిగా రాక, విప్పి మళ్ళీ మడిచింది. "డాక్టర్ దగ్గరికి వెళ్దామని రోజు కూడా అడిగి పెట్టుకున్నా. ఈలోపు ఆటలో నా చేలన్నీ చక్కగా పండుతున్నాయి. చెయ్యి బాగైపోయిందని సంబరపడ్డా. వెళ్ళడం మానేశా. అదే ధైర్యంతో బల్ల దగ్గర కూడా కూర్చున్నా."

తను నడిపించింది రైతుల్ని అనుకున్నాడు తమ్ముడు ఇన్నాళ్ళూ. దారి తప్పించింది అక్కని.

"తిట్టక్కా," అన్నాడు.

"తిట్టేదాన్నే. ఓపిక లేదు." అక్క మడిచిన చొక్కాని దొంతర మీద పెట్టింది. "రేపు వెళ్తున్నా. నువ్వూ రా. కానీ అక్కడ నా బదులు నువ్వు మాట్లాడకూడదు. నా బదులు ఏదీ చెయ్యకూడదు. ఉండగలవా?"

"ఉంటా."

డాక్టరు గది తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. డాక్టరమ్మ వయసులో చిన్నది, నెమ్మదస్తురాలు. అక్కకి కాగితం, పెన్ను ఇచ్చి, మధ్యలోంచి బయటికి చుట్టలు చుట్టలుగా గీయమంది. అక్క గీసింది. గీత ముడతలు పడుతూ, ఏరులా వంకర్లు పోతూ, అంచుదాకా వెళ్ళడానికి ఎంతో సేపు పట్టింది. తమ్ముడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పెన్ను జారి కింద పడింది. అతను లేవలేదు. అక్క వంగి, తడిమి, తీసుకుని, మిగతా చుట్ట పూర్తిచేసింది.

డాక్టరమ్మ కాగితాన్ని చూసింది. వేళ్ళు కలపమంది, విప్పమంది, గదిలో ఆ చివరిదాకా నడవమంది.

"మందులున్నాయి. కంగారు పడకండి. కానీ మొదలెప్పుడైందో నాకు సరిగ్గా తెలియాలి," అంది. "మొట్టమొదట ఎప్పుడు గమనించారు?"

అక్క ఆలోచించింది. ఏదో చెప్పబోయి ఆగింది. జవాబు తమ్ముడికి తెలుసు, ఏ వారమో, ఎలా కనిపించిందో అన్నీ తెలుసు. పళ్ళు బిగించి గోడవైపు చూశాడు.

"నన్నడిగితే లాభం లేదమ్మా," అంది అక్క చివరికి. "మా తమ్ముణ్ణి అడగండి. నాకంటే ముందు చూసింది వాడే."

అతను తిరిగి ఆమెవైపు చూశాడు.

"చెప్పరా," అంది. "నేనే అడుగుతున్నా."

అంటూ ఆమె తన కుడిచెయ్యి తీసి అతని మోకాలి మీద పెట్టింది. అది అక్కడ సన్నగా వణుకుతూనే ఉంది. అతను దాన్ని గట్టిగా పట్టుకోబోయి, మానేశాడు. వణకనిచ్చి, చెప్పడం మొదలుపెట్టాడు.