ఎనభై ఎడమ చేతులు

కోట్లు కుట్టే ఆ ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు చేతికి పాతికేళ్లుగా తిరుగులేదు. అలాంటిది, భార్య పోయిన ఏడో వారంలో ఆయన ఒక పొరపాటు చేశాడు. గుడ్డను పొర మీద పొరగా పరిచేటప్పుడు ముఖాలు, అంటే పైకి కనిపించే వైపులు, ఎదురెదురుగా ఉండాలి. అప్పుడే ఒక పొరలో కోటుకు కుడి చెయ్యి, మరో పొరలో ఎడమ చెయ్యి తెగుతాయి. ఆ రోజు ఆయన పొరలన్నీ ఒకే వైపుకు పరిచి కోసేశాడు. ఎనభై ముక్కలూ ఎడమ చేతులే.

"నలభై మందికి రెండూ ఎడమ చేతులేనట! ఒక్కొక్కరూ బొత్తాలు ఎలా పెట్టుకుంటారో!" అని కుట్టు మిషన్ల దగ్గర ఒకటే నవ్వులు.

మేనేజరమ్మ నవ్వలేదు. శుక్రవారం విచారణ అంది. ఈలోగా, కార్మికుల కష్టసుఖాలు వినే ఫ్యాక్టరీ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లి రమ్మంది.

సూపర్‌వైజరు ఆయనకు స్వయానా బావమరిది. మెట్ల పక్కకు లాక్కెళ్లి గుసగుసగా చెప్పాడు.

"ముఖాముఖి పరచాలని నమూనా కాగితం మీద రాయలేదని చెబుదాం బావా. ఆ కాగితం నా దగ్గరే ఉంది. చించి పారేస్తా."

"రాసి ఉందిగా."

"రాసింది నమూనాలు గీసే ఆ కొత్తమ్మాయి. తప్పు తన మీదికే పోతుంది. ఇంకా పర్మనెంటు కూడా కాలేదు. నీ చేతిలోంచి కోత కత్తి పోతే నువ్వేం కావాలి?"

ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆ కత్తి లేని రోజును ఊహించుకోవడం ఆయన వల్ల కాలేదు.

కౌన్సిలర్ గదిలో రెండు కుర్చీలు, ఒక కిటికీ. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన గంటసేపు మౌనంగా కూర్చుని వచ్చాడు. రెండోసారి మాత్రం ఉండబట్టలేక, "మీ కర్టెన్ అంచు వంకరగా ఉందమ్మా," అన్నాడు.

"మూడేళ్లుగా ఇక్కడే కూర్చుంటున్నాను, నేనెప్పుడూ చూడలేదు మాస్టరుగారూ. మీ కంటికి ఇంకేం కనిపిస్తాయి?"

ఎవరూ అడగని ప్రశ్న అది. ఏడు వారాలుగా అందరూ ధైర్యం చెబుతున్నారు తప్ప, ఆయనకు ఏం తెలుసో అడిగినవాళ్లు లేరు. నెమ్మదిగా మాటలు వచ్చాయి.

"మా ఆవిడకి ఒక భుజం కాస్త కిందికి ఉండేది. బట్టలన్నీ నేనే కుట్టేవాణ్ణి. లోపల చిన్న మడత పెడితే బయటికి రెండు భుజాలూ సమానంగా కనిపించేవి. వాళ్ల తమ్ముడికి కూడా తెలీదు."

"ఆ మడత లోపల అందంగా లేకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదు."

"మరి అంత శ్రమ దేనికి?"

ఆయనకు ఒళ్లు మండింది. "లోపల కదా అని వంకరగా కుడతామా!"

ఆమె ఆయన మాట ఆయన చెవినే పడనిచ్చింది. అప్పుడు ఆయనే కాగితం సంగతి చెప్పేశాడు. "ఇప్పుడేం చేయమంటారు?"

"నేను చెప్పేది కాదు. ఇందాక కోపంగా ఒక మాటన్నారే, ఆ మాటకీ ఈ కాగితానికీ పొత్తు కుదురుతుందేమో మీరే చూడండి."

ఇంటికి వెళ్తూ ఆయన ఎంత ప్రయత్నించినా ఆ రెండింటికీ పొత్తు కుదరలేదు.

శుక్రవారం మేనేజరమ్మ గదిలో కొత్తమ్మాయి కొలత టేపును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. బావమరిది గొంతు సవరించుకున్నాడు. అతను నోరు తెరిచేలోపే మాస్టరు అన్నాడు:

"కాగితంలో తప్పులేదమ్మా. అందులో రాసే ఉంది. చూడకుండా పరిచింది నేను."

మేనేజరమ్మ చేతిలోని పెన్ను మూసి పక్కన పెట్టింది. "ఈ సీజనంతా మీకు కత్తి ఇవ్వలేను మాస్టరుగారూ. తనిఖీ బల్ల దగ్గర కూర్చోండి. తర్వాత చూద్దాం."

"అలాగేనమ్మా."

అమ్మాయి టేపు విప్పుకుంది. వేలు మీద ఎర్రటి గీతలు పడి ఉన్నాయి.

బయటికి రాగానే బావమరిది విరుచుకుపడ్డాడు. "నీకేమైనా మతి పోయిందా బావా! అక్క పోయింది. ఇప్పుడు కత్తీ పోయింది. ఇంకేం మిగిలింది నీకు?"

ఆయనకు చాలా రోజుల తర్వాత ఆకలి తెలుస్తోంది.

"నువ్వున్నావుగా. పద, భోజనాల వేళయింది."

బావమరిది విసవిసా ముందుకు నడిచాడు. మెట్ల దగ్గరికి వెళ్లాక మాత్రం, వెనక్కి తిరగకుండానే, ఆయన వచ్చేదాకా ఆగాడు.