నా అంచు గీసిన ‘లేదు’

నేను ఒక రాయిని. ఇంతకంటే ఘనంగా పరిచయం చేసుకోవడం నాకు చేతకాదు. అంగారకుడికీ బృహస్పతికీ నడుమ సూర్యుడి చుట్టూ తిరిగే లక్షలాది రాళ్లలో ఒకదాన్ని. ఒకప్పుడు ఇంకా పెద్ద రాయిలో భాగంగా ఉండేదాన్ని; మరో రాయి వచ్చి గుద్దుకోవడంతో ముక్కనయ్యాను. అందులో ఎవరి పాపమూ లేదు, ఎవరి పుణ్యమూ లేదు.

ఎంతో కాలం గడిచాక భూమి మీది మనుషులు నన్ను ఒక ఫొటోలో సన్నని గీతగా చూశారు. మొదట ఫొటో తీసిన గాజుపలక మీద పడిన గీర అనుకున్నారు. కాదని తేలాక ఒక సంఖ్య ఇచ్చి తమదాన్ని చేసుకున్నారు. ఆ తరువాత నేను చేతులు మారింది లెక్కలలోనే. ఎవరూ నన్ను తాకలేదు. నా దారి వారికి బాగా తెలుసు, నా ఒడ్డూ పొడవూ మాత్రం తెలియవు.

రాయదుర్గంలో జరిగింది నాకెలా తెలుసని మీరు అడగవచ్చు. అడగడం మంచి అలవాటే. కానీ రాయి మాట్లాడుతోందని ఇంతదాకా ఒప్పుకున్నవారు ఈ కాస్తా ఓర్చుకోవాలి.

ఒక సాయంత్రం, చీకటి పడిన కాసేపటికి, నేను రోహిణి పక్కనున్న ఒక చిన్న నక్షత్రానికి అడ్డుపడవలసి ఉంది. నక్షత్రం బహుదూరాన ఉంటుంది కనుక దాని వెలుగులో నా నీడ నా అంతే ఉంటుంది. ఆ నీడ భూమి మీద దాటిపోయే మేర, ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసగా మనుషులు దుర్భిణులతో కూర్చుంటారు. ఎక్కడ నక్షత్రం ఆరిందో, ఎంతసేపు ఆరిందో కలిపి చూస్తే నా ఆకారం తేలుతుంది. రాయదుర్గంలో హైస్కూలు సైన్సు మాస్టరు కుళ్లాయప్ప కూర్చున్నాడు. దక్షిణాన గుమ్మఘట్టలో ఆయనకు కాలేజీలో ఫిజిక్సు చెప్పిన నాగరత్నమ్మ కూర్చుంది. ఇంకా దిగువన మరికొందరు ఉన్నారు.

కుళ్లాయప్ప ఒక పొరపాటు చేశాడు. తమ ఊరు నీడ అంచున ఉందని తెలిసీ, నక్షత్రం తప్పక ఆరుతుందని పిల్లలకు చెప్పాడు. ఈ మాట టీకొట్టు దగ్గర జాతకాలు చెప్పే విరూపాక్షయ్య చెవిన పడింది. రోహిణి పక్కనున్న చుక్కకు ఏ కీడూ రాదనీ, అది ఆరదనీ ఆయన అందరి ముందూ తేల్చేశాడు. గ్రహాల పేరుతో భయపడడం మానమని ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతున్న మాస్టరు మాట, ఆ సాయంత్రం ఒక్క చుక్క మీద నిలబడింది.

బడి మేడ మీద జనం చేరారు. దుర్భిణికి కన్ను ఆనించింది కుళ్లాయప్ప ఒక్కడే. చెప్పిన క్షణం వచ్చింది, పోయింది. నక్షత్రం రెప్ప కూడా వేయలేదు.

ఫోను మోగింది. గుమ్మఘట్టలో ఆరిందని నాగరత్నమ్మ సంబరంగా చెప్పి, అక్కడేమైందని అడిగింది. పక్కనున్న డ్రాయింగ్ మాస్టరు ఖాదర్ వలీ ఆయన చెవిలో గొణిగాడు.

“ఆరిందను సారూ. ఆడ ఆరింది గదా, ఈడ ఆరితే ఎవురికి నష్టం? పిల్లోళ్ల ముందర పరువన్నా దక్కుతాది.”

నష్టం నాకు. ఆయన ఆ ఒక్క మాట అంటే నేను మైళ్ల కొద్దీ లావెక్కేదాన్ని. మనుషుల పుస్తకాలలో లేని బొజ్జతో తిరిగేదాన్ని.

కుళ్లాయప్ప పిల్లల వైపు చూశాడు. ఫోనులో, అందరికీ వినబడేలా, “లేదు మేడమ్. ఇక్కడ ఆరలేదు” అన్నాడు.

నాగరత్నమ్మ మళ్లీ అడిగింది. “బాగా చూసినావా నాయనా?”

“కన్ను తీయకుండా చూసినా మేడమ్.”

మరునాటి ఉదయం టీకొట్టు దగ్గర విరూపాక్షయ్య ఆయన కోసమే కాచుకుని ఉన్నాడు. “ఏం సారూ, సుక్క కులాసానా?”

“కులాసానే. నువ్వు చెప్పినట్టే ఇక్కడ ఆరలేదు. గుమ్మఘట్టలో ఆరింది. అదే చుక్క, అదే రోహిణి.”

విరూపాక్షయ్య టీ ఊదుకుంటూ ఆలోచించాడు. “అయితే నాది సగం నిజమంటావా?”

“సగమెందుకు? ఒక ఊరంత నిజం.”

అక్కడున్నవారు నవ్వారు. ఎవరిని చూసి నవ్వారో వారికే తెలియాలి. ఆ నెల విరూపాక్షయ్య దగ్గరికి జాతకాల కోసం వచ్చేవారు పెరిగారు. మాస్టరు పిల్లలలో ఇద్దరు ముగ్గురు చేతికి తాయెత్తులతో బడికి వచ్చారు. ఆయన వాటిని చూసి, పాఠం మొదలుపెట్టాడు.

ఆ పాఠం నా గురించే. అన్ని ఊళ్ల లెక్కలూ కలిసి వచ్చాక, వలీ నల్లబల్ల మీద నా బొమ్మ గీశాడు: ఒక పక్క నొక్కుకుపోయిన బంగాళాదుంప. దక్షిణపు అంచులు, చుక్క ఆరడం చూసినవారు చెప్పినవి. పైకి సాగిపోతున్న గీత రాయదుర్గానికి కాస్త ఇవతలే లోపలికి వంగింది. అక్కడ సుద్దముక్క ఆపి, ఆయన కుళ్లాయప్ప వైపు తిరిగి చూశాడు.

నేను ఇంకా తిరుగుతూనే ఉన్నాను. ఏనాటికో మరో రాయి తగిలి ముక్కలవుతాను. అందులో విశేషమేమీ లేదు. ఆ సాయంత్రం కుళ్లాయప్పకు ఏమీ కనబడలేదు. నన్ను అంత సరిగ్గా చూసినవారు మాత్రం మరొకరు లేరు.