డెబ్బై నాలుగు కిలోల బోర్డు

లారీల కాటా దగ్గర పద్దెనిమిదేళ్లు కూర్చున్న మనిషి ముందు బరువు గురించి అబద్ధమాడటం అంత తేలిక కాదు. సరుకు బరువు తక్కువ తేలాలని, ఖాళీ లారీ తూయించేటప్పుడు క్యాబిన్‌లో ముగ్గుర్ని నక్కించి తెచ్చే డ్రైవర్లని ఆమె టైర్ల పొంగు చూసే పట్టేసేది. అందరూ ఆమెని కాటా అక్క అనేవారు. ఆ కాటా అక్క నలభై నాలుగో ఏట విమానం నడపడం నేర్చుకుంటానని ఫ్లయింగ్ స్కూల్లో చేరింది. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనీ, వేళ్లూ వాళ్లవే, ముక్కులూ వాళ్లవే.

స్కూల్లో నేర్పే విమానాలు రెండు. నాలుగు సీట్లది ఒకటి, రెండు సీట్లది ఒకటి. చేరినవాళ్లు మొదటి వారంలో రెండూ ఎక్కి చూసి, ఒంటరిగా ఎగిరే రోజు దాకా దేని మీద నేర్చుకుంటారో తేల్చుకోవాలి. పెద్దదాంట్లో కూర్చుంటే సోఫాలో కూర్చున్నట్టే ఉంది. చెయ్యి కదిపాక తీరిగ్గా ఆలోచించుకుని కదులుతుంది. చిన్నది అలా కాదు, వేలు ఆనిస్తే చాలు, రెక్క వంచుతుంది. మంచి కాటా కూడా అంతే, లారీ మీద ఒక్క బస్తా ఎక్కువైనా పట్టించుకుంటుంది. కాటా అక్క మనసు చిన్నదాని మీద పడింది.

"నాకు చిన్నదే రాయండి సార్," అంది చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌తో.

ఆయన బరువుల కాగితం తీశాడు. ఎగిరే ముందు ఇద్దరి బరువూ అందులో రాయాలి. ట్యాంకు నిండుగా ఉంటే చిన్న విమానంలో మనుషులిద్దరూ కలిసి నూట యాభై ఐదు కిలోలు దాటకూడదు. ఆమె తన గడిలో ఎనభై నాలుగు అని నిజమే రాసింది. ఇన్‌స్ట్రక్టర్ల బరువు ఎవరూ అడగరు. గోడ మీద ఆయిల్ పెయింటుతో రాసిన బోర్డుంది. చీఫ్ డెబ్బై నాలుగు. కింద ఇంకో ఇన్‌స్ట్రక్టర్, తనకు తనే పుల్లమ్మ అని పేరు పెట్టుకున్న సన్నటి ఆవిడ, యాభై ఆరు. బోర్డు చూసి ఎక్కించుకోవడమే అక్కడి అలవాటు.

"నాతో కలిపి నూట యాభై ఎనిమిది," అన్నాడు చీఫ్. "మూడు కిలోలు ఎక్కువైంది. కాస్త తగ్గి రండమ్మా. లేదా పెద్దది తీసుకోండి, మీ ఒంటికి అదే సుఖం."

బల్ల చుట్టూ ఉన్న స్టూడెంట్లు కిసుక్కున నవ్వారు. కాటా అక్క చెవులు వేడెక్కాయి. ఆయన వైపు చూసింది. బెల్టు చివరి బెజ్జం దాకా వచ్చింది. కుర్చీ కాళ్లు బయటికి వంగి ఉన్నాయి. తొంభైకి తక్కువుండడని ఆమె కన్ను చెప్పేసింది.

"ఆ బోర్డు ఎప్పుడు రాయించారు సార్?"

"స్కూలు పెట్టిన ఏడాది. ఏం?"

"ఊరికే."

ఆమె తమ్ముడు ఆ స్కూల్లోనే మెకానిక్కు. ఆమె షెడ్డులోకి రాగానే చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు దండం పెడతానక్కా, పెద్దది తీసేసుకో. ఆయనతో పెట్టుకుంటే నా ఉద్యోగానికే ఎసరు."

"అది సరే, ఆయన ఎక్కితే చిన్నది ఎలా లేస్తుందో చెప్పు."

తమ్ముడు పానా తుడుస్తూ నేల చూశాడు. "రన్‌వే చివరి దాకా ఈడ్చుకుంటూ పోయి లేస్తుంది. ఇంజిన్ పాడైందంటాడు. రెండుసార్లు విప్పించాడు కూడా. అందులో ఏ లోపమూ లేదు."

"లోపం ఇంజిన్‌లో లేదురా."

మర్నాడు పొద్దున్నే ఆమె బస్తాలు తూచే మెషీన్ తెచ్చి స్కూలు హాలు నడిమధ్య పెట్టింది. చెప్పులతో సహా ముందు తనే ఎక్కింది. "ఎనభై నాలుగున్నర," అని గట్టిగా చదివింది. నవ్వేవాళ్ల కోసం కాసేపు ఆగింది. ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు మీరు ఎక్కండి సార్."

"ఏంటిది, తమాషాగా ఉందా?"

"బరువెక్కువని నన్ను తగ్గి రమ్మన్నారు కదా. ఆ లెక్క సరైనదైతే ఇవాళే వెళ్లిపోతాను. మళ్లీ ఈ గుమ్మం తొక్కను."

ఆయన చుట్టూ చూశాడు. ఎక్కకపోతే పరువు పోతుంది, ఎక్కితే ఇంకాస్త పోతుంది. ఎక్కాడు. తొంభై మూడు.

నిన్న నవ్వినవాళ్లలో ఒకామె వేళ్లు మడిచింది. "నేను అరవై ఎనిమిది. సార్‌తో కలిపితే నూట అరవై ఒకటి. అంటే మొన్న మేమిద్దరం ఎగిరింది..."

"పాపం, ఆ ఇంజిన్‌ని అనవసరంగా తిట్టాం," అంది పుల్లమ్మ.

కాటా అక్కకి నిన్నటికన్నా ఎక్కువ కోపమొచ్చింది. తన మూడు కిలోలకి నవ్వినవాళ్లంతా ఆయన దాచిన పంతొమ్మిది కిలోలని నెత్తినేసుకుని గాల్లో తిరిగారు.

చీఫ్ మెషీన్ దిగి గొంతు సవరించుకున్నాడు. "సరేనమ్మా. పెద్దదాని మీద నేనే దగ్గరుండి నేర్పిస్తాను. అందులో ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"పెద్దది కావాల్సింది మీకు సార్, నాక్కాదు. నేను చిన్నదాని మీదే నేర్చుకుంటాను, ఈ మేడమ్ దగ్గర. మేడమ్, మీరూ ఒకసారి ఎక్కండి. ఆ బోర్డు మాట నేను నమ్మను."

పుల్లమ్మ ఎక్కింది. యాభై ఎనిమిది. "నేనూ రెండు కిలోల దొంగనే," అని తనే నవ్వేసింది.

తమ్ముడు ఎవరూ అడక్కుండానే థిన్నర్ డబ్బా, గుడ్డ పట్టుకొచ్చాడు. చీఫ్ గుడ్డ అందుకుని, బోర్డు మీద తన అంకె తనే తుడిచాడు.

పన్నెండు వారాల తర్వాత ఒక ఉదయం పుల్లమ్మ చిన్న విమానం లోంచి దిగి తలుపు వేసింది. "ఇక మీరొక్కరే వెళ్లండి. నా యాభై ఎనిమిది కిలోలు ఇందులో లేవు, అది మర్చిపోకండి."

కాటా అక్క బరువుల కాగితంలో తన గడి నింపింది. ఎనభై ఐదు. చేరిన రోజుకన్నా కిలో పెరిగింది, దాచాల్సిన పనేముంది. రెండో గడిలో అడ్డగీత గీసింది.

ఇంజిన్ హోరెత్తింది. షెడ్డు ముందు తమ్ముడూ, చీఫూ నిలబడి ఉన్నారు. రన్‌వే సగమైనా కాకముందే చక్రాలు నేల వదిలేశాయి. తగ్గి రమ్మన్న మాట గుర్తొచ్చి ఆమెకి గట్టిగా నవ్వొచ్చింది. ఎనభై ఐదు కిలోలూ, ఒక్కటి తగ్గకుండా, పైకి వెళ్లిపోయాయి.