దురద పుట్టిన గాదె

పెంటపాడులో నాగదుర్గారావు ఇంటి గాదెకు ముక్కుపురుగు పట్టి పది రోజులైంది. పురుగు పట్టిన గాదె ఊరికే ఉంటుందా? నాలుగు చెక్క కాళ్ల మీద నడిచి వెళ్లి గేదెలా గోడకు ఒళ్లు రుద్దుకునేది. ఆ చప్పుడికి పసివాడు లేచి గుక్కపట్టేవాడు. ఉన్నది ఒక్కటే గది. అందులోనే గాదె, అందులోనే పురిటికొచ్చిన కూతురు దుర్గాభవాని, ఇరవై రోజుల బిడ్డ. నాగదుర్గారావుకి కంటిమీద కునుకు లేదు, ఓపిక అసలే లేదు.

కాలవగట్టున వావిలాకు కోసుకొస్తే నీడన ఆరబెట్టి పురుగు పోయేలా వడ్ల మధ్య పరుద్దామని భార్య చంద్రకళ చెప్పింది. ఆయన కోసుకొచ్చాడు. ఆరడానికి నాలుగు రోజులా అని విసుక్కుని, పచ్చి ఆకంతా తడితడిగానే గాదెలో కుమ్మరించాడు. వడ్లు చెమర్చాయి. పురుగు రెట్టింపైంది. మీ గాదె దురదకి మా గోడ కూడా కదులుతోందండీ, కాస్త చూసుకోండి అని పక్కింటి అబ్బులు మర్యాదగా చెప్పి పోయాడు. ఆ మర్యాదకే ఈయనకి ఒళ్లు మండింది.

తప్పంతా ఆకు మీదకి తోసేసి, గోదాముల్లో పురుగుకి పెట్టే బిళ్లలు తెస్తానన్నాడు.

"పసిపిల్లాడున్న గదిలో విషం వద్దండీ. ఈసారి ఆకు నేను ఆరబెడతాను."

"నువ్వూ నీ ఆకులూనూ," అని ఆయన తాడేపల్లిగూడెం బస్సెక్కాడు. అక్కడ పురుగుమందుల కొట్టతను తలుపులు మూసెయ్యాలనీ, ఆ బిళ్లల గాలి విషం కాబట్టి గదిలో మనుషులు ఉండకూడదనీ చెబుతున్నాడు. తిరుగు బస్సు వెళ్లిపోతోందని ఈయన మొదటి ముక్క విని పరిగెత్తాడు.

మధ్యాహ్నం ఆడవాళ్లు పెరట్లో బిడ్డకు నీళ్లు పోస్తుంటే, బిళ్లలు గుడ్డలో మూటగట్టి వడ్లలో దోపాడు. కిటికీ మూశాడు. తల్లీబిడ్డా వచ్చి పడుకున్నాక తలుపు వేసి అరుగు మీద కూర్చున్నాడు. లోపల చప్పుడు లేదు. హాయిగా కాళ్లు చాపుకున్నాడు.

అంతలో తలుపు ఫెళ్లున ఊడిపడింది. గుమ్మంలో పట్టని గాదె ద్వారబంధాన్ని పెకలించుకుని వీధిలోకి నడిచింది. అబ్బులు సైకిలు పక్కకు తీసి దారిచ్చాడు. గాదె వీధి చివర ఖాళీ కళ్లం దాకా పోయి ఆగింది.

ఈ తలుపు ఎవడు చేయిస్తాడని తిట్టుకుంటూ నాగదుర్గారావు వెంటపడ్డాడు. గాదె మూతలోంచి వెల్లుల్లి కుళ్లినట్టు వాసన వస్తోంది. వడ్ల కోసం దాని మీద వాలిన పిచ్చుకలు మళ్లీ ఎగరలేదు. ఒక్కొక్కటే జారి కిందపడ్డాయి.

ఆయన ఇంటికి పరిగెత్తాడు. కూతురు బిత్తరపోయి కూర్చుని ఉంది. బిడ్డ మాత్రం కదలడం లేదు.

వాడి ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టాడు. కాసేపటికి ఊపిరి వెచ్చగా తగిలింది.

"ఏమైందండీ?" అంది పెరట్లోంచి పరిగెత్తుకొచ్చిన చంద్రకళ.

"బిళ్లలు పెట్టానే," అన్నాడు నాగదుర్గారావు. చెయ్యి అక్కణ్ణుంచి తియ్యకుండానే భార్య ముందు కూలబడి ఏడ్చాడు.