రెండు మిస్డ్ కాల్స్

ఫోను ఛార్జింగుకి పెట్టి, మేడమీద వడియాలు పెట్టి దిగొచ్చేసరికి తెరమీద రెండు మిస్డ్ కాల్స్. విజయదుర్గ మళ్లీ చూసుకుంది. రెండే.

తల్లీకూతుళ్ల ఒప్పందం అది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగుకి చేరగానే మృదుల ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వాలి. రెండిస్తే ఆపదని అర్థం. ఫోన్లో పడే ఇంగ్లీషు పేర్లు కూడబలుక్కోవడం విజయదుర్గ వల్ల కాదు, అంకె మాత్రం చూసుకుంటుంది. తిరిగి కూతురికి చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

అసలే సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. ఆవిడ కళ్లముందు లాఠీలు, రాళ్లు, పొగ గిర్రున తిరిగాయి. పైగా పిల్ల నోరు తెరిస్తే భీమవరం యాస. బయట నోరెత్తకమ్మా అని రోజూ చెప్పి పంపుతుంది. తన చిన్నప్పుడు బడికెళ్లిన పిల్ల సాయంత్రం దాకా ఎక్కడుందో తెలిసేది కాదు, అయినా అమ్మ హాయిగా ఓ కునుకు తీసేది. ఈ ఫోనొచ్చాక గంటకో భయం.

పక్కింటి అండాలమ్మతో చెప్పుకుందామంటే, నల్లగొండ మనిషి, కష్టానికి ముందుండేది, ఆవిడింటికీ తాళమే. విజయదుర్గ చెప్పులేసుకుని ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడక అందుకుంది. దారిలో మొక్కుకోని దేవుడు లేడు.

కొత్తపేటలో రోడ్డుకడ్డంగా జనం, డప్పులు, పొగ. అంతా అయిపోయిందనుకుంది. తీరా చూస్తే పొయ్యిల పొగ. సమ్మెలో భాగంగా నడిరోడ్డు మీద వంటావార్పూ పెట్టారు. అండాలమ్మ గరిటె పట్టుకుని వడ్డిస్తోంది. ఎదురుగా విస్తరి ముందు మృదుల, అందరికీ వినబడేలా, అచ్చం భీమవరం యాసలో, పప్పులో ఉప్పు చాల్లేదండీ అని తగువాడుతోంది. చుట్టూ అందరూ నవ్వుతున్నారు.

"రెండిచ్చావేంటే?" అంది విజయదుర్గ, ఒగరుస్తూ.

"ఒక్కటేనమ్మా. చేరాక ఇచ్చాను. క్లాసు లేదన్నారు, నడిచొస్తున్నాను. ఈ డప్పుల్లో నీ ఫోను వినబడలేదు."

"రెండోది నాది," అంది అండాలమ్మ. "బిడ్డను తినమని ఆపిన, నిన్నుగూడ రమ్మని కొట్టిన. ఎందుకమ్మా గంత పరేషాన్? జర కూసో."

కూర్చుంది. రెండు ముద్దలు తిని, ఉప్పు సరిపోయిందనీ చింతపండే తగ్గిందనీ తేల్చింది.

అండాలమ్మ కొత్త ఒప్పందం పెట్టింది. "ఇగ నేను చేస్తే మూడు కొడత."

విజయదుర్గ సరేనంది. మజ్జిగ పోసుకోబోతూ చెయ్యి ఆపింది.

"మూడోది కలవకపోతే రెండే అవుతాయిగా వదినా?"